బోర్డు సంగతి తర్వాత, ముందు పాదం కొలవండి

శీతాకాలం దగ్గరపడే కొద్దీ నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. విజయనగరంలో కూర్చున్నవాడికి స్నోబోర్డుల గురించి, అంటే రెండు కాళ్లూ బిగించుకుని మంచు వాలు మీద జారే పలకల గురించి, ఫోన్లేమిటని నవ్వొచ్చు గానీ, ఇప్పుడు పరిస్థితి అలాగే ఉంది. విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉద్యోగాలు చేసే మా విజయనగరం, శ్రీకాకుళం పిల్లలు జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి ఓ వారం సెలవు పెట్టి కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌కో, ఉత్తరాఖండ్‌లోని ఔలీకో, మనాలీ దగ్గర సోలంగ్‌కో పోతున్నారు. మొదటిసారి అద్దె సామానుతో పడుతూ లేస్తూ గడిపేస్తారు. ఇంటికొచ్చాక ఒంటినొప్పులు తగ్గకముందే సొంత బోర్డు మీదకి మనసు పోతుంది. అప్పుడు నాకు ఫోను. "అన్నా, నాది ఫ్రీస్టైల్ అనిపిస్తోంది. ఏ బోర్డు తీసుకోమంటావ్?"

నేను తిరిగి అడిగేది ఒకటే. "నీ పాదం ఎన్ని సెంటీమీటర్లు?"

చాలామందికి ఈ ప్రశ్న నచ్చదు. బోర్డు గురించి అడిగితే కాళ్ల కొలతలు అడుగుతాడేమిటని విసుక్కుంటారు. అయినా నా వాదన మారదు. ఏడాదికి ఒక వారం మంచు చూసే మనలాంటివాళ్లు ముందు కొనాల్సినవి బూట్లు, హెల్మెట్, మణికట్టు గార్డులు. బోర్డు అద్దెకి తీసుకోవచ్చు. ఒక మంచి బోర్డుకి పెట్టే డబ్బుతో ఈ మూడూ వచ్చేస్తాయి. బోర్డు కొనే రోజు వచ్చినప్పుడు కూడా "నా స్టైల్ ఏమిటి" అన్నది ఆఖరి ప్రశ్న కావాలి. నీ బరువెంత, నీ పాదమెంత, నువ్వు వెళ్లేచోట మంచు ఎలా ఉంటుంది అన్నవి దానికంటే ముందు తేలాలి.

ఈ స్టైల్ అనే మాట అసలు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన పిల్లల ఆట కోసం రెండు స్కీలను పక్కపక్కన కలిపి బిగించాడు. స్నర్ఫర్ అని పేరు పెట్టిన ఆ పలక ముక్కుకి ఒక తాడు కట్టి ఉండేది. కాళ్లు బిగించే బైండింగ్‌లు లేవు. 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ వెర్మాంట్‌లో బోర్డుల కంపెనీ పెట్టాడు. 1998లో జపాన్‌లోని నగానో వింటర్ ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్ మొదటిసారి చోటు సంపాదించింది. ఈ మధ్యలో అక్కడి కొండల మీద యంత్రాలతో చదును చేసిన వాలులు, దూకడానికి మంచు దిబ్బలు, జారడానికి ఇనుప రెయిలింగులు ఉన్న పార్కులు పుట్టుకొచ్చాయి. పార్కులో ఆడేవాడికి ఒక బోర్డు, చదును వాలు మీద వేగంగా దిగేవాడికి ఒకటి, లోతు మంచులోకి పోయేవాడికి ఇంకొకటి అని కంపెనీలు విడదీసి అమ్మడం మొదలుపెట్టాయి. పార్కుకి ఫ్రీస్టైల్, అన్ని వాలులకీ ఆల్ మౌంటెన్, చదును చేయని కొండకి ఫ్రీరైడ్, లోతు మంచుకి పౌడర్ అనే పేర్లన్నీ అలా వచ్చినవే. అంటే అవి మనిషి మనస్తత్వాన్ని బట్టి పుట్టినవి కావు, అక్కడున్న కొండల్ని బట్టి పుట్టినవి.

మనకున్న కొండలు వేరు. గుల్మార్గ్ గొండోలా, అంటే తీగ మీద నడిచే రోప్‌వే, రెండో దశలో ఎక్కితే అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లి వదులుతుంది. అక్కడి నుంచి కిందకి చాలావరకు యంత్రం తొక్కని లోతైన మంచే. సోలంగ్‌లో వాలు చిన్నది, నేర్చుకునేవాళ్లకి సరిపోతుంది. ఔలీలో వాలు బాగుంటుంది గానీ ఏటా మంచు ఒకేలా పడదు. రెయిలింగులు, పెద్ద దిబ్బలు ఉన్న విదేశీ స్థాయి పార్కులు ఈ మూడింట్లో ఎక్కడా లేవు. వీడియోల్లో గాల్లో గింగిరాలు తిరిగేవాళ్లని చూసి మెత్తటి పార్కు బోర్డు కొని అఫర్వత్ ఎక్కడమంటే, స్పోర్ట్స్ బైకు వేసుకుని వరి మడిలో దమ్ము చేయడానికి దిగడమే.

ఇంకో మాట. మొదటి రెండు మూడు సీజన్లలో ఎవరికీ స్టైల్ అంటూ ఉండదు. మడమ వైపు ఎడ్జ్ (బోర్డు అంచు) మీద ఆగడం, వేళ్ల వైపు ఎడ్జ్ మీదకి తిరగడం, పడితే లేవడం, ఇంతవరకే. ఆ దశలో ఫ్రీరైడర్‌నని ఎవరైనా చెప్పుకుంటే కాదనను, కానీ బోర్డు మాత్రం దాన్ని నమ్మి కొనవద్దంటాను.

ఇక పాదం దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు కథంతా ఇక్కడే ఉంది.

బోర్డుకి స్టీరింగు లేదు. తిప్పేది కాలే. మడమ, వేళ్లు ఇచ్చే ఒత్తిడి బూటు గుండా, బైండింగ్ గుండా పోయి బోర్డు అంచు దాకా చేరాలి. బూటు లోపల మడమ ఒక సెంటీమీటరు పైకి లేచినా ఆ ఒత్తిడి మధ్యలోనే ఆగిపోతుంది. మీరు వేళ్ల మీద బరువు వేస్తారు, బోర్డు ఆలస్యంగా వింటుంది, ఈలోగా మీరు నేల మీద ఉంటారు. అద్దె బూట్లతో వచ్చే చిక్కు సరిగ్గా ఇదే. ఎన్నో పాదాలు తొక్కి తొక్కి వాటి లోపలి మెత్తటి పొర, అదే లైనర్, నలిగిపోయి ఉంటుంది. మీ సైజు అప్పటికే ఎవరో పట్టుకుపోతే ఒక సైజు పెద్దది చేతిలో పెట్టి "రెండు జతలు మేజోళ్లు వేసుకోండి, సరిపోతుంది" అంటారు. ఆ సలహా ఎప్పుడూ వినొద్దు. రెండు మేజోళ్లు ఒకదాని మీద ఒకటి జారతాయి, మడతలు పడి కాలు ఒరుసుకుంటుంది, బిగుతు వల్ల రక్తం సరిగ్గా ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. పల్చటి ఉన్ని మేజోళ్లు ఒక్క జత చాలు.

మా జిల్లాల్లో మిలటరీలో ఒక్కరూ లేని ఊరు దొరకడం కష్టం. సైన్యం మంచు కొండల మీద యుద్ధ శిక్షణ ఇచ్చే హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ కూడా గుల్మార్గ్‌లోనే ఉంది. కాశ్మీర్‌లో డ్యూటీ చేసి వచ్చిన మా మావయ్య ఒకాయన ఆమదాలవలస దగ్గర ఉంటారు. బోర్డుల గురించి ఆయనకి ఏమీ తెలియదు గానీ, మంచు గురించి ఆయన చెప్పే మాట ఏ షాపువాడూ చెప్పడు. "కాళ్లు ఎచ్చగా ఉన్నంతసేపే మడిసి మడిసిలాగుంటాడు బావూ. కాళ్లు సల్లబడ్డాయంటే ఇంక బుర్ర పన్జెయ్యదు."

బూటు సైజు ఎలా చూసుకోవాలంటే, గోడకి మడమ ఆనించి నిలబడి, బొటనవేలి చివరిదాకా నేల మీద గీత గీసి కొలవండి. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగైతే దాని చివరిదాకా కొలవాలి. 26 సెంటీమీటర్లు వస్తే స్నోబోర్డు బూటులో మీది 26. దీన్ని మాండో సైజు అంటారు. అది సుమారుగా యూకే 7 అవుతుంది. మామూలు బూట్లలో 8 వేసుకుంటున్నాను కదా అని ఇక్కడా 8 తీసుకుంటే వదులవుతుంది. కొత్త బూటు నిటారుగా నిలబడినప్పుడు వేళ్లకి ముందు వైపు కాస్త తగలాలి, మోకాళ్లు వంచితే వేళ్లు వెనక్కి వచ్చి ఊపిరాడినట్టు ఉండాలి. నాలుగు రోజులు తొక్కాక లైనర్ కొంత అణిగి చోటిస్తుంది. షాపులో మొదటి నిమిషంలోనే హాయిగా ఉందంటే అది పెద్ద సైజన్నమాట.

మన పాదాలకి ఇంకో సమస్య ఉంది. చిన్నప్పటి నుంచీ వట్టి కాళ్లతోనో, హవాయి చెప్పులతోనో తిరిగిన పాదం ముందు భాగంలో వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది. సన్నటి పాదాల అచ్చు మీద చేసిన బూటు పొడవులో సరిపోయినా చిటికెన వేలి దగ్గర నొక్కేస్తుంది. నొప్పి భరించలేక చాలామంది ఒక సైజు పెంచుతారు, అప్పుడు మడమ లేస్తుంది. దీనికి మందు పొడవు పెంచడం కాదు. బర్టన్, సాలమన్, కే2 లాంటి కంపెనీలు వైడ్ అని విడిగా బూట్లు చేస్తున్నాయి. వేడి చేసి కాలికి తగ్గట్టు అచ్చు పోసే లైనర్లు కూడా ఉన్నాయి. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో అన్నిటికంటే ఎక్కువ వినేది ఈ చిటికెన వేలి గొడవే.

లేసు విషయంలో పెద్దగా తేడా లేదు. మామూలు లేసులు, తాడు లాగే స్పీడ్ లేసు, చక్రం తిప్పే బోవా, ఏదైనా పనిచేస్తుంది. చేతి తొడుగులు తీయకుండా బిగించాలంటే బోవా సుఖం. కానీ స్టెప్ ఆన్ రకం జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. బర్టన్ 2017లో తెచ్చిన ఈ పద్ధతిలో స్ట్రాపులు ఉండవు, బూటు బైండింగ్ మీద పెట్టి తొక్కితే టక్కున పట్టుకుంటుంది. వాడిన వాళ్లకి అదంటే ప్రాణం. అయితే ఆ బైండింగ్‌కి దానికోసమే చేసిన బూటు కావాలి. అద్దె బోర్డుల మీద మామూలుగా ఉండేవి స్ట్రాపులే. సొంత బూటు, అద్దె బోర్డు అని నేను చెప్పే లెక్కకి స్ట్రాప్ బూటే నయం.

బూటు మీద ఇంత చెప్పాక ఎదురువాదన రాకుండా ఉండదు. "బోర్డు కొంటే రేపు అమ్ముకోవచ్చు. ఒకడు తొక్కిన బూటు ఎవడు కొంటాడు?" అని ఒక కుర్రాడు నిలదీశాడు. నిజమే, ఎవరూ కొనరు. కానీ అమ్ముకోవడానికి పనికొస్తుందా లేదా అని చూసి కొనే సామాను ఇది కాదు. పైగా శ్రీకాకుళంలో సెకండ్ హ్యాండ్ బోర్డుకి కొనేవాడు దొరకాలంటే ఎన్ని రోజులు చూడాలో! ఇంకో వాదనలో మాత్రం బలం ఉంది. సొంత బోర్డు ఇంట్లో కనిపిస్తుంటే మళ్లీ వెళ్లాలనే పట్టుదల పెరుగుతుందంటారు. అది నేనూ చూశాను. అయితే ఆ పట్టుదల కలిగినవాడు దాన్ని తీసుకెళ్లే దారి కూడా ఆలోచించాలి. రైలు పెట్టెలో మనతో ఉంచుకునే పెట్టెల కొలత 100 సెంటీమీటర్ల పొడవు దాటకూడదని రైల్వే నియమం. బోర్డు సంచీ 160 ఉంటుంది. సమతా ఎక్స్‌ప్రెస్ స్లీపర్లో దాన్ని ఏ బెర్తు కింద దూర్చినా కొస బయటికే ఉంటుంది, వచ్చేపోయేవాళ్లందరి కాళ్లకీ తగులుతుంది. బూట్ల సంచీ అయితే తలగడ పక్కన పడి ఉంటుంది.

సరే, బోర్డు ఎంచుకునే రోజు వచ్చిందనుకుందాం. అది అద్దెదైనా సొంతదైనా చూడాల్సినవి ఇవే.

బోర్డుని నిలబెట్టి గడ్డం దాకా వచ్చిందా, ముక్కు దాకా వచ్చిందా అని చూస్తారు కదా, అది పాత అలవాటు. బోర్డుకి మీ ఎత్తు తెలియదు, మీ బరువే తెలుసు. ప్రతి కంపెనీ ఒక్కో పొడవు బోర్డుకి ఎంత బరువు మనిషి సరిపోతాడో పట్టికలో ఇస్తుంది. 70 కిలోల మనిషికి సుమారుగా 150 నుంచి 157 సెంటీమీటర్ల మధ్య కుదురుతుంది. నేర్చుకునేవాళ్లు ఆ హద్దులో పొట్టి వైపుకి, లోతు మంచుకి పోయేవాళ్లు పొడుగు వైపుకి జరగాలి. ఆరడుగులు ఉండి 58 కిలోలున్న సన్నటి కుర్రాడికి ఎత్తు చూసి 160 ఇస్తే ఆ బోర్డు వాడి మాట వినదు.

తర్వాత నడుము వెడల్పు. బోర్డు మధ్యలో సన్నగా ఉండే చోటు ఇది. మాండో 26, 27 బూట్లకి 250 మిల్లీమీటర్ల అటూ ఇటూ సరిపోతుంది. బోర్డు మరీ సన్నదైతే వాలు మీద వంగినప్పుడు బూటు ముందుభాగం మంచుని గీరుకుని మనిషి బోర్లా పడతాడు. మరీ వెడల్పైతే ఒక అంచు నుంచి రెండో అంచుకి మారడానికి కాలు ఎక్కువ కష్టపడాలి. బూటు రెండు వైపులా ఒకటి రెండు సెంటీమీటర్లు బయటికి ఉండటం తప్పు కాదు, ఆ కాస్త ఉంటేనే అంచు మీద పట్టు దొరుకుతుంది. ఆడపిల్లలకి ఇక్కడ తరచూ అన్యాయం జరుగుతుంది. 23, 24 సెంటీమీటర్ల పాదానికి మగవాళ్ల బోర్డు ఇచ్చి పంపేస్తారు. తిరగడం రావట్లేదని వాళ్లు తమనే నిందించుకుంటారు. సన్నటి నడుము ఉన్న ఆడవాళ్ల బోర్డు ఉందా అని గట్టిగా అడగాలి.

వంపు సంగతి కొంచెం ఓపికగా వినండి. బోర్డుని చదునైన నేల మీద పెడితే మధ్యభాగం పైకి లేచి, ముక్కు, తోక దగ్గర మాత్రమే నేలకి తగిలితే అది కాంబర్. మీద నిలబడితే ఆ వంపు అణిగి అంచంతా మంచులో దిగుతుంది, గట్టి మంచు మీద కూడా పట్టు ఉంటుంది. కాకపోతే నేర్చుకునేవాడు కాస్త ఏమరితే కింది వైపు అంచు మంచులో గుచ్చుకుని ఒక్క క్షణంలో విసిరి కొడుతుంది. దానికి తలకిందులుగా, మధ్యలో నేలకి తగిలి చివరలు లేచి ఉంటే రాకర్. లోతు మంచులో తేలుతుంది, తప్పులు క్షమిస్తుంది, గడ్డకట్టిన మంచు మీద మాత్రం పట్టు తప్పి జారిపోతుంది. రెండూ కలిపినవి హైబ్రిడ్‌లు. ఒక్క బోర్డుతో సోలంగ్, గుల్మార్గ్ రెండూ తిరగాలనుకునేవాళ్లకి హైబ్రిడే మంచిదని నా అభిప్రాయం. గట్టితనాన్ని కంపెనీలు సాధారణంగా 1 నుంచి 10 వరకు అంకెల్లో చెప్తాయి. 4, 5 దగ్గర ఉండండి. ఒక కంపెనీ 5, ఇంకో కంపెనీ 5 ఒకటి కావని మాత్రం గుర్తుంచుకోండి.

అఫర్వత్ పైనుంచి లోతు మంచులో దిగే స్థాయికి వచ్చినవాళ్లకి అప్పుడు నిజంగా స్టైల్ ప్రశ్న వస్తుంది. ముక్కు వెడల్పుగా, తోక సన్నగా, కాళ్లు బిగించే చోటు కొంచెం వెనక్కి ఉన్న డైరెక్షనల్ బోర్డు అక్కడ ఎంత తేడా చూపిస్తుందో తొక్కినవాడికే తెలుస్తుంది. కానీ అంత దూరం వెళ్లేవాడు బోర్డు కంటే ముందు మంచు కింద కూరుకుపోయినవాళ్లని వెతికి తీసే మూడు సామాన్లు, అంటే సిగ్నల్ పంపి పట్టుకునే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి చూసే పొడుగు కడ్డీ ప్రోబ్, తవ్వడానికి పార కొనాలి, వాడటం నేర్చుకోవాలి, తెలిసిన గైడుతో వెళ్లాలి. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ వాలు మీద మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. ఈ మూడూ లేకుండా కొత్త పౌడర్ బోర్డు ఫొటో పంపేవాళ్లకి నేను బాగుందని జవాబివ్వను.

మణికట్టు గార్డులు అంటే కుర్రాళ్లకి నామోషీ. స్కీ చేసేవాళ్లకి మోకాళ్లు పోతాయి, కొత్తగా బోర్డు ఎక్కేవాళ్లకి మణికట్లు విరుగుతాయి, ఎందుకంటే రెండు కాళ్లూ కట్టేసి ఉన్నప్పుడు పడితే చేతులే ముందుకొస్తాయి. హెల్మెట్ మీద మంచు ఆటల భద్రతా ప్రమాణం ఈఎన్ 1077 లేదా ఏఎస్‌టీఎం ఎఫ్2040 అని ఉందో లేదో చూడండి. బైకు హెల్మెట్ పట్టుకెళ్లొచ్చా అని అడిగినవాడు కూడా ఉన్నాడు. బరువుకి మెడ లాగేస్తుంది, చెవులు వినపడవు, అద్దం నిండా ఆవిరి. మంచు కళ్లద్దాలు (గాగుల్స్) తప్పనిసరి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మొహం మీదకే కొడుతుంది. ఎండ రోజుకి ముదురు అద్దం, మబ్బు రోజుకి పసుపో గులాబీ రంగో లేత అద్దం.

బట్టల్లో జాకెట్ మీద అందరికీ మోజు, ప్యాంటు మీద ఎవరికీ ఉండదు. కొత్తవాడు సగం రోజు మంచులో కూర్చునే ఉంటాడు. ముందు తడిసేవి ప్యాంటు, చేతి తొడుగులు. వాటర్‌ప్రూఫ్ రేటింగు లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకోండి. లోపల మాత్రం నూలు వద్దు. పొందూరు ఖద్దరు మా ఇంట్లో అందరికీ ప్రాణం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి వడికే ఆ నూలు మే నెల ఎండలో ఒంటికి ఎంత సుఖమో వేసుకున్నవాళ్లకి తెలుసు. ఆ సుఖం చెమట పీల్చి పట్టుకోవడం వల్లే వస్తుంది, మంచులో అదే పీకల మీదకి తెస్తుంది. తడిసిన నూలు ఒంటికి అతుక్కుని వేడి లాగేస్తుంది. ఉన్ని గానీ పాలిస్టర్ గానీ వేసుకోండి.

ఏ కాలు ముందు అన్నది కూడా బోర్డు తెచ్చుకునే ముందే తెలుసుకోవచ్చు. వానాకాలం తడి గచ్చు మీద పరిగెత్తుకొచ్చి జారేటప్పుడు ఏ కాలు ముందుకి పోతుందో చూసుకోండి. ఎడమ కాలు అయితే రెగ్యులర్, కుడి కాలు అయితే గూఫీ. బైండింగ్‌లు ముందు కాలి వేళ్లు ముక్కు వైపు 15 డిగ్రీలు, వెనక కాలి వేళ్లు తోక వైపు 6 నుంచి 9 డిగ్రీలు తిరిగేలా పెట్టి మొదలుపెడితే చాలామందికి కుదురుతుంది.

ఇంత విన్నాక కూడా ఈ ఏడే బోర్డు కొంటానంటే ఆపను. 70 కిలోలు, 26 పాదం అయితే 152 నుంచి 154 పొడవు, 250 నడుము, హైబ్రిడ్ వంపు, ముక్కూ తోకా ఒకేలా ఉన్న ట్విన్, 4 గట్టితనం. కానీ మన ఊళ్లో దాన్ని దాచడం ఒక పని. బోర్డు అంచులు ఉక్కువి. కళింగపట్నం, చింతపల్లి తీరం గాలి తగిలే ఇళ్లలో ఒక్క వానాకాలానికే గోధుమ రంగు తుప్పు పట్టేస్తుంది. మార్చిలో తిరిగి రాగానే అంచులు పొడిగుడ్డతో తుడిచి, అడుగు భాగమంతా అంచుల మీదకి కూడా వచ్చేలా మందంగా వ్యాక్స్ పూసి, గీకకుండా అలాగే వదిలేయండి, మళ్లీ మంచులోకి వెళ్లేముందు గీకితే చాలు. రేకుల కప్పు కింద అటక మీద పెట్టొద్దు, వేసవి వేడికి పొరల మధ్య జిగురు పాడవుతుంది. మంచం కింద నేలకి తగలకుండా రెండు చెక్కల మీద ఉంచండి. బైండింగ్‌లు విప్పేస్తే ఆ ఎం6 స్క్రూలు డబ్బాలో వేసి, డబ్బా మీద పెద్దక్షరాలతో పేరు రాయండి. పైడితల్లి పండక్కి ఇల్లు దులిపేటప్పుడు పేరు లేని డబ్బాలన్నీ మా ఇంట్లో పాత ఇనుప సామాన్ల వాడికే వెళ్లిపోతాయి.